మన డీకేటీ పట్టా తరఫున వాదించే లాయరు ఏడీ?

పోస్టు పొడుగ్గా ఉంటుంది, ఓపికగా చదవండి.

లాసెట్ దరఖాస్తుల కాలం వస్తే మన ఇళ్ళల్లో వినపడే మాట ఒకటే. "లా చదివి ఏం చేస్తావురా? నల్లకోటు వేసుకొని కోర్టు కాడ చెట్టు కింద కూర్చుంటావా? కానిస్టేబులుకు కట్టు, గ్రూప్ టూకు కట్టు, డీఎస్సీకి కట్టు." తాండాలోనైనా, యానాది కాలనీలోనైనా, ఎరుకల వాడలోనైనా ఇదే పాట. సర్కారు నౌకరీ మీద ఆశ తప్పని మేము అనడంలేదు. మన అమ్మానాయనలు కూలికి పోయి చదివించినారు, వాళ్ళకు నెలనెలా జీతం కనపడాల. కానీ వందమందిలో వందమందీ ఆ ఒక్క గేటు ముందే నిలబడితే, మన భూమి కాగితాలు చదివేవాడు ఎవడు? నోటీసు వచ్చిన రోజు వాకిట్లో నిలబడి "ఇది ఏ సెక్షను కింద ఇచ్చినారు సార్?" అని అడిగేవాడు ఎవడు?

మా మాట సూటిగా చెప్తాం. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల చుట్టుపక్కల గిరిజన యువతకు ఇప్పుడు అన్నిటికన్నా అవసరమైన చదువు లా. అందులోనూ మూడు రకాల చట్టాలు: కరెంటు చట్టం, భూసేకరణ చట్టం, పర్యావరణ చట్టం. ఈ మూడూ చదివిన లాయర్లు మన కులాల్లోంచి రాకపోతే, రాబోయే ఇరవై ఏళ్ళలో మనకు మిగిలేది వాచ్‌మెన్ ఉద్యోగమూ, గోడ కట్టిన పాత దారీనే.

ఎందుకు ఇంత గట్టిగా చెప్తున్నామో మన ప్రాంతం మ్యాపు ముందు పెట్టుకొని చూడండి. ఎర్రగుంట్ల మండలం కలమళ్ల దగ్గర రాయలసీమ థర్మల్ ప్లాంటు, మొత్తం 1650 మెగావాట్లు. అదే కలమళ్ల, తెలుగులో తొలి శాసనం దొరికిన ఊరని పరీక్షలకు అందరం చదువుకున్నదే, క్రీ.శ. 575 నాటిదని. మైలవరం మండలంలో 1000 మెగావాట్ల లెక్కన వేసిన సోలార్ పార్కు. పెన్న మీద 26.85 టీఎంసీల గండికోట రిజర్వాయరు, దాని పక్కనే పంప్డ్ స్టోరేజీ కరెంటు ప్రాజెక్టు. పులివెందుల వైపు పోతే వేముల మండలం తుమ్మలపల్లెలో యురేనియం గని, శుద్ధి కర్మాగారం. వీటి మధ్యన సిమెంటు ఫ్యాక్టరీలు, సున్నపురాయి గనులు. ఇంక ఉక్కు ఫ్యాక్టరీ సంగతి మీకు తెలిసిందే. 2007లో అంబవరం దగ్గర శంకుస్థాపన, 10,760 ఎకరాలు ఇచ్చినారు. 2018లో ఒక శంకుస్థాపన, 2019లో సున్నపురాళ్ళపల్లెలో ఒకటి, 2023లో ఇంకొకటి. కొబ్బరికాయలు కొట్టిన లెక్క చూస్తే మనదే దేశంలో పెద్ద ఉక్కు నగరం కావాల.

అంటే మన ప్రాంతం కరెంటు పుట్టే ప్రాంతం అయిపోయింది. బొగ్గు కరెంటు, ఎండ కరెంటు, నీళ్ళ కరెంటు, అణు కరెంటుకు కావలసిన ఖనిజం, నాలుగూ ఈ మూడు తాలూకాల్లోనే ఉన్నాయి. కరెంటు పుట్టాలంటే భూమి కావాల. వాళ్ళు ముందు చూసేది ఏ భూమి? బంజరు, గుట్ట పోరంబోకు, మేత బీడు, డీకేటీ పట్టా. అంటే మనం మేకలు మేపేది, కట్టెలు తెచ్చుకునేది, ఇందిరమ్మ కాలంలోనో ఆ తర్వాతో మన తాతలకు రెండెకరాలు రాసిచ్చినది. రికార్డుల్లో దాన్ని "వేస్ట్ ల్యాండ్" అంటారు. ఆ వేస్టు మీదనే మూడు తరాలు బతికినాం.

ఇక్కడ కొందరు అన్నలు ఒక మాట అంటాండారు. "మన జిల్లాలో ఐదో షెడ్యూలు లేదప్పా. 1/70 లేదు, పీసా లేదు, సమత తీర్పు మనకు వర్తించదు. మనం ఏం చేసేది?" మొదటి సగం నిజమే. 1997 జూలై 11న సుప్రీంకోర్టు ఇచ్చిన సమత తీర్పు విశాఖ మన్యం గనుల గురించి. షెడ్యూల్డ్ ఏరియాలో ప్రభుత్వ భూమిని కూడా ప్రైవేటు కంపెనీకి లీజుకు ఇవ్వకూడదని చెప్పింది. ఆ గొడుగు కడప జిల్లాలో మన నెత్తిన లేదు. జిల్లా జనాభాలో మనం వందకు ముగ్గురం కూడా లేము, చెల్లాచెదురుగా ఉన్నాం. కానీ రెండో సగం, "మనం ఏం చేసేది" అనేది, చదవనోళ్ళ మాట. ఆ మాటను అధికారులకన్నా ఎక్కువగా మనమే ప్రచారం చేస్తున్నాం.

మైదానంలో ఉన్న మనకు ఏ చట్టాలు వర్తిస్తాయో చూడండి. 2006 అటవీ హక్కుల చట్టానికి షెడ్యూల్డ్ ఏరియా అనే గిరి లేదు. నల్లమల, లంకమల, పాలకొండలు, ఎర్రమల, ఎక్కడ అడవి ఉంటే అక్కడ వర్తిస్తుంది. హక్కుల గుర్తింపు పూర్తయ్యేదాకా ఖాళీ చేయించకూడదని అందులో 4(5) సెక్షను ఉంది. 2013 భూసేకరణ చట్టంలో 41వ సెక్షనులో కొన్ని భాగాలు షెడ్యూల్డ్ ఏరియాకే పరిమితం, నిజమే. కానీ ఎస్టీ కుటుంబాలు నిర్వాసితులయ్యే చోట వేరే అభివృద్ధి ప్రణాళిక తయారు చేయాలన్న భాగమూ, పరిహారంలో కనీసం మూడో వంతు మొదటి విడతగానే చెల్లించాలన్న భాగమూ ఆ గిరి దాటి ఉన్నాయి. భూమి లేని కూలీ, కౌలుదారు కూడా, మూడేళ్ళుగా ఆ భూమి మీదే ప్రధానంగా బతుకుతుంటే, "ప్రభావిత కుటుంబం" కిందికి వస్తారు. ప్రభుత్వం అసైన్ చేసిన భూమి ఉన్న కుటుంబమూ వస్తుంది. ఎస్టీ భూమిని అక్రమంగా లాక్కుంటే 1989 అట్రాసిటీ చట్టం కింద అది నేరం. ఇన్ని ఉన్నాయి. వాటిని ఎత్తి చూపే నోరు లేదు, అంతే.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాం. రెండు కాగితాల కథ చెప్తాం.

ఒక కాగితం పేరు పీపీఏ. విద్యుత్ కొనుగోలు ఒప్పందం. సోలార్ కంపెనీకీ, డిస్కమ్‌కూ మధ్య మామూలుగా 25 ఏళ్ళకు రాసుకుంటారు. 2019 జూలైలో మన రాష్ట్ర ప్రభుత్వం "పాత రేట్లు ఎక్కువగా ఉన్నాయి, తగ్గించుకోండి" అని సోలార్, విండ్ కంపెనీలతో బేరానికి కమిటీ వేసింది. కంపెనీలు ఏం చేసినాయి? మరునాటికల్లా పెద్ద పెద్ద లాయర్లను పెట్టుకొని హైకోర్టుకు పోయినాయి. దాదాపు మూడేళ్ళు కొట్లాడినాయి. 2022 మార్చిలో హైకోర్టు డివిజన్ బెంచి కంపెనీల పక్షాన తీర్పు ఇచ్చింది: ఒప్పందంలో రాసుకున్న రేటు కట్టాల్సిందే, బాకీలు తీర్చాల్సిందే అని. సంతకం పెట్టినాక ప్రభుత్వమైనా మాట తప్పకూడదు అన్నది అక్కడి నీతి. బాగుంది. నీతి మంచిదే.

రెండో కాగితం పేరు డీకేటీ పట్టా. దాని మీద కూడా ప్రభుత్వం సంతకమే, ప్రభుత్వం ముద్రే. కానీ దీన్ని రద్దు చేయడానికి కమిటీ అక్కర్లేదు. "షరతులు ఉల్లంఘించినారు, సాగులో లేదు, ప్రజా ప్రయోజనం కోసం వెనక్కి తీసుకుంటున్నాం" అని తహసీల్దారు ఆఫీసు నుంచి ఒక నోటీసు చాలు. దానికి కొద్ది రోజుల్లోనే బదులు రాయాల. వానల్లేక మూడేళ్ళు బీడు పెట్టి వలసపోయిన కుటుంబం ఆ నోటీసుకు ఏం బదులిస్తుంది? చేతికి అందితే కదా! ఒక కాగితానికి 25 ఏళ్ళు ప్రాణం, ఇంకో కాగితానికి 15 రోజులు. తేడా కాగితంలో లేదు తమ్ముడూ. ఆ కాగితం వెనక నిలబడిన లాయరులో ఉంది.

"డీకేటీ భూమికి పరిహారం రాదు, ఏదో ఎక్స్‌గ్రేషియా ఇస్తారు, తీసుకోండి" అని ఎన్ని ఊళ్ళల్లో చెప్పి ఉంటారో మీకు తెలుసు. కానీ 2004లోనే ఆంధ్రప్రదేశ్ హైకోర్టు చేవెళ్ల కేసులో ఏడుగురు జడ్జీల బెంచి కూర్చొని చెప్పింది: అసైన్డ్ భూమిని ప్రజా ప్రయోజనానికి తీసుకుంటే, సొంత పట్టాదారుకు ఇచ్చే లెక్కనే మార్కెట్ విలువ ఇవ్వాలని, సొలేషియం కూడా ఇవ్వాలని. పరిహారం ఇవ్వం అనే షరతు చెల్లదని. ఏడుగురు జడ్జీలు! ఇరవై ఏళ్ళు దాటింది. మన వాడల్లో ఈ తీర్పు పేరు విన్నోళ్ళు ఎంతమంది? మన గ్రూప్ టూ నోట్సులో సింధు నాగరికత కాలువల పొడుగు ఉంటుంది గానీ, మన తాత పట్టాను కాపాడే తీర్పు ఉండదు.

భూమ్మీద రాజ్యానికి ఉండే ఈ పైచేయి హక్కునే ఇంగ్లీషు లా పుస్తకాల్లో ఎమినెంట్ డొమైన్ అంటారు. నీ ఇష్టం ఉన్నా లేకున్నా, ప్రజా ప్రయోజనం కోసం, పరిహారం ఇచ్చి, చట్టప్రకారం తీసుకునే అధికారం. ఇందులో మూడు ముక్కలున్నాయి చూడండి: ప్రజా ప్రయోజనం, పరిహారం, చట్టప్రకారం. అధికారికి మూడు ముక్కలూ కనపడవు, "తీసుకునే అధికారం" ఒక్కటే కనపడుతుంది. మిగతా మూడూ చూపించడమే మన లాయరు పని. ఆస్తి హక్కు 1978లో 44వ సవరణతో ప్రాథమిక హక్కుల్లోంచి పోయినా, 300ఏ అధికరణం ఇంకా ఉంది. 2024 మేలో కోల్‌కతా మున్సిపల్ కార్పొరేషన్ కేసులో సుప్రీంకోర్టు ఆ ఒక్క అధికరణంలో ఏడు హక్కులున్నాయని విడమరిచి చెప్పింది. నోటీసు ఇవ్వాల. అభ్యంతరం వినాల. కారణాలు రాసి నిర్ణయం చెప్పాల. ప్రజా ప్రయోజనమే అని చూపాల. న్యాయమైన పరిహారం ఇవ్వాల. పనిని సక్రమంగా, గడువులో జరపాల. మొదలుపెట్టినదాన్ని ముగింపుకు తేవాల. ఈ ఏడూ ఇంటి గోడ మీద రాసుకోండి.

గండికోట చూడండి. రిజర్వాయరు నింపేటప్పుడు 2020లో తాళ్ళప్రొద్దుటూరు ఇళ్ళ దగ్గరికి నీళ్ళొచ్చినాయి. ప్యాకేజీ సంగతి తేల్చండి, గడువు ఇవ్వండి అని జనం రోడ్డు మీద కూర్చున్నారు. రిజర్వాయరు వద్దని వాళ్ళు అనలేదు. సీమకు నీళ్ళు కావాల, అందరికీ తెలుసు. వాళ్ళు అడిగింది వరస: ముందు పునరావాసం, తర్వాత నీళ్ళు. ఆ వరస చట్టంలో ఉన్నదే. చట్టంలో ఉన్నదాన్ని ధర్నా చేసి అడుక్కోవలసి వచ్చిందంటే, కోర్టులో ముందుగా అడిగే మనిషి చాలినంత లేడని అర్థం.

తుమ్మలపల్లె దగ్గరికి రండి. యురేనియం ప్రాజెక్టుకు 2006 సెప్టెంబరు 10న పబ్లిక్ హియరింగ్ జరిగింది. 2007 నవంబరులో శంకుస్థాపన, 2012లో గని మొదలైంది. తర్వాత కొన్నేళ్ళకు మబ్బుచింతలపల్లె, కె.కె.కొట్టాల, కనంపల్లె రైతులు బోరు నీళ్ళు చెడిపోతున్నాయి, అరటి తోటలు ఎండిపోతున్నాయి, ఒంటి మీద దద్దుర్లు వస్తున్నాయి అని మొత్తుకున్నారు. దానికీ మాకూ సంబంధం లేదని కంపెనీ చెప్పుకుంది. వ్యర్థాల చెరువు, అదే టెయిలింగ్ పాండ్, అడుగున వేయాల్సిన లైనింగ్ షరతు ప్రకారం లేదని 2019లో రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి నోటీసు ఇచ్చింది. ఎవరిది నిజమో ఇక్కడ మేము తీర్పు చెప్పడంలేదు. మేము అడిగేది ఒకటే: చెరువు అడుగున ఏముందో నీళ్ళు వదలకముందే అడగాల్సిన ప్రశ్న. ఏళ్ళు గడిచినాక, టన్నుల కొద్దీ బురద పడినాక, దాన్ని ఎత్తి ఎవరు చూడగలరు?

ఆ ప్రశ్న ముందే అడగడానికి చట్టంలో దారి ఉంది. పర్యావరణ అనుమతి పొందిన ప్రతి ప్రాజెక్టూ, షరతులు ఎంతవరకు పాటించినామో ఏటా జూన్ 1న, డిసెంబరు 1న రాసి ఇవ్వాల. ఏడాదికి రెండు రిపోర్టులు. మన చుట్టూ ఉన్న గనులు, ఫ్యాక్టరీలు ఇచ్చిన ఈ రిపోర్టులు మనలో ఎవరైనా ఒక్కసారి తెరిచి చూసినారా? అనుమతి మీదే అభ్యంతరం ఉంటే జాతీయ హరిత ట్రిబ్యునల్‌కు 30 రోజుల్లో అప్పీలు వేయాల. కారణం చూపితే ఇంకో 60 రోజులు. ఆ పైన తలుపు మూసినట్టే. మనకు బెంచి ఉండేది చెన్నైలో, వాదన అంతా ఇంగ్లీషులో. 30 రోజుల్లో వందల పేజీల రిపోర్టు చదివి, తప్పులు పట్టి, అప్పీలు రాసి, చెన్నైలో వేయాల. ఊరి పెద్దమనిషి వల్ల అవుతుందా? ఎమ్మెల్యే పీఏ వల్ల అవుతుందా? ఇది నేర్చుకున్న లాయరు పని. 2025 సెప్టెంబరులో కేంద్ర పర్యావరణ శాఖ అణు ఖనిజాల గనులకు ప్రజాభిప్రాయ సేకరణ నుంచే మినహాయింపు ఇచ్చింది. 2006లో కనీసం ఒక షామియానా వేసి, మైకు పెట్టినారు. రేపు కొత్త గనికి ఆ మైకు కూడా ఉండదు. మైకు పోయిన చోట మిగిలేది కోర్టు మెట్లే.

సోలార్ సంగతి ఇంకా విచిత్రం. పొగ రాదు, బూడిద రాదు, మంచిదే. కానీ సోలార్ ప్లాంట్లు 2006 పర్యావరణ అంచనా నోటిఫికేషన్ కిందికే రావు. అంటే వేల ఎకరాలకు కంచె పడినా ఊళ్ళో పబ్లిక్ హియరింగ్ ఉండదు. 2017 ఏప్రిల్లో మన కడప సోలార్ పార్కులో 250 మెగావాట్లకు వేలం వేస్తే యూనిట్ 3 రూపాయల 15 పైసలకు పోయింది. అప్పటికి అది దేశంలో రికార్డు రేటు, పేపర్లన్నీ మెచ్చుకున్నాయి. చౌక కరెంటు మంచిదే. కానీ ఆ చౌకదనంలో మేత బీడు ధర ఎంత కలిపినారు? మేకల దారి ధర ఎంత? సున్నా. లెక్కలో సున్నా పెట్టినప్పుడే కరెంటు చౌకవుతుంది. ఆ సున్నాను ఎవరో ఒకరు ప్రశ్నించాల.

కరెంటు తీగల సంగతి కూడా అంతే. లైను వేయడానికి భూమిని సేకరించరు. నీ పొలంలో టవర్ దిగుతుంది, పట్టా నీ పేరు మీదే ఉంటుంది, కింద మాత్రం ఏమీ చేసుకోలేవు. 2015లో కేంద్ర విద్యుత్ శాఖ మార్గదర్శకాలు టవర్ కాళ్ళ మధ్య భూమికి విలువలో 85 శాతం, తీగల కింద భూమికి 15 శాతం దాకా పరిహారం అన్నాయి. 2024 జూన్‌లో వాటిని 200 శాతానికి, 30 శాతానికి పెంచినారు. ఇవి మార్గదర్శకాలు, రాష్ట్రం తన ఉత్తర్వు ఇచ్చుకోవాల, జిల్లాలో లెక్క కట్టాల. పంట నష్టం కింద ఐదో పదో వేలు చేతిలో పెట్టి వేలిముద్ర వేయించుకుంటే నువ్వేం చేస్తావు? రేటు ఎంతో తెలిసినోడు పక్కన ఉంటే ఆ వేలు కాగితం మీద పడదు.

కరెంటు రేట్లు తేల్చే విద్యుత్ నియంత్రణ మండలి ఇప్పుడు కర్నూలులోనే ఉంది. ఏటా ప్రజల అభ్యంతరాలు రాతపూర్వకంగా తీసుకుంటుంది, విచారణ జరుపుతుంది. అక్కడ ఫ్యాక్టరీల సంఘాలు మాట్లాడతాయి, రైతు సంఘాలు మాట్లాడతాయి. తాండాకు మూడు ఫేజుల కరెంటు ఎందుకు రాదు, కరెంటు పుట్టే ఊళ్ళోనే ట్రాన్స్‌ఫార్మరు కాలితే నెల రోజులు ఎందుకు పడుతుంది అని మన గొంతు అక్కడ ఎప్పుడు వినపడింది?

"ఇవన్నీ పెద్దోళ్ళ పనులు, మన వల్ల ఎక్కడవుతుంది" అనే తమ్ముళ్ళకు ఒక మనిషి సంగతి చెప్తాం. కె. బాలగోపాల్. గణితంలో డాక్టరేట్ చేసిన మనిషి, కాకతీయ యూనివర్సిటీలో పాఠాలు చెప్పినాడు. ఉద్యోగం వదిలి పౌరహక్కుల పనిలోకి వచ్చినాడు. 1998లో మానవ హక్కుల వేదిక పెట్టినోళ్ళలో ముఖ్యుడు. నలభై దాటినాక లాయరు కోటు వేసుకున్నాడు. 2009 అక్టోబరు 8న పోయేదాకా, అంటే పదేళ్ళ పైచిలుకు మాత్రమే, హైకోర్టులో ఆదివాసుల భూములు, నిర్వాసితుల కేసులు, ప్రభుత్వం పేదల దగ్గర తీసుకున్న భూముల కేసులు వాదించినాడు. ఊరికి పోయి, గడప గడప తిరిగి, వాస్తవం రాసుకొని వచ్చి, అదే వాస్తవాన్ని చట్టం భాషలో జడ్జి ముందు పెట్టడం ఆయన పద్ధతి. నలభై దాటినోడు మొదలుపెట్టి అంత చేస్తే, ఇరవై రెండేళ్ళ నువ్వు ఎంత చేయొచ్చు?

ఇంకొకరు బొజ్జా తారకం. కారంచేడు, చుండూరు బాధితుల వెంట నిలబడిన లాయరు. ఆయన "పోలీసులు అరెస్టు చేస్తే" అని చిన్న పుస్తకం రాసినాడు. లాయరు దొరకని పేదోడికి ఆ పుస్తకమే లాయరు. ఇప్పుడు మనకు "భూమి తీసుకుంటామని నోటీసు వస్తే" అని అట్లాంటి పుస్తకం కావాల, మన యాసలో, మన ఊళ్ళ పేర్లతో. అది ఎవరో హైదరాబాదు నుంచి వచ్చి రాసిపెట్టరు.

అడ్డం మాటలకు బదులు చెప్తాం.

ఒకటి, "లాయరుకు తిండి గడవదు." మొదటి మూడు నాలుగేళ్ళు కష్టమే, దాచేదేం లేదు. కానీ ప్రొద్దుటూరు కోర్టులో చెక్ బౌన్స్ కేసులు, భాగపంపకాల కేసులు చూసుకుంటూనే భూసేకరణ కేసులు నేర్చుకోవచ్చు. ఆర్డీవో ఆఫీసులో అవార్డు అయినాక పరిహారం పెంచమని రిఫరెన్సు అడగడానికి ఆరు వారాల గడువు ఉంటుంది. అది తెలియక వేలమంది మొదటి చెక్కుతో సరిపెట్టుకున్నారు. ఈ పని తెలిసినోడికి ఊళ్ళల్లో పని కరువు ఉండదు. గ్రూప్స్ కోచింగు కోసం ఆరేళ్ళు గది అద్దె కడుతున్నాం కదా, ఆ ఆరేళ్ళలో మూడేళ్ళ లా అయిపోతుంది, మూడేళ్ళ ప్రాక్టీసు కూడా అయిపోతుంది.

రెండు, "ఇట్లా కేసులు వేస్తే ఫ్యాక్టరీలు రావు, మన పిల్లోళ్ళకు ఉద్యోగాలు రావు." ఉక్కు ఫ్యాక్టరీకి నాలుగుసార్లు కొబ్బరికాయ కొట్టినారు. అది ఆగింది గిరిజనుల కేసు వల్లనా? కంపెనీ డబ్బుల వల్ల, పార్టీల గొడవల వల్ల. నింద మాత్రం అడిగినోళ్ళ మీద. కంపెనీ వద్దు అని మేము అనడంలేదు. వచ్చే కంపెనీ చట్టప్రకారం రమ్మంటున్నాం. రేటు అడిగిన రైతును ఎవరైనా పత్తి వ్యాపారానికి శత్రువు అంటారా?

మూడు, "నేను చదివితే కంపెనీ లీగల్ సెక్షన్లోనే చేరతా, జీతం బాగుంటుంది." చేరు తమ్ముడూ, మేము తిట్టం. కరెంటు కంపెనీల పీపీఏలు, లీజు డీడ్లు రాసే పని పెద్ద ఊళ్ళల్లో మంచి సంపాదన ఉన్న పనే. ఆ కాగితాల చివర షెడ్యూలు అని ఒక పేజీ ఉంటుంది. అందులో ఊరి పేరు, సర్వే నంబరు, ఎకరాలు, సెంట్లు, నాలుగు హద్దులు. మన అవ్వ పేరు అక్కడ ఉండదు, సర్వే నంబరుగా ఉంటుంది. ఆ పేజీ టైపు చేసేటప్పుడు ఎదురుగా అవతలి పక్షాన కూడా మనోడు ఒకడు కూర్చొని ఉండాల. అది మా కోరిక. పదిమంది అటు పోతే ఇద్దరన్నా ఇటు ఉండాల కదా.

నాలుగు, "మన నాయకులు చూసుకుంటారు." ఏ జెండా నాయకుడైనా సరే, శంకుస్థాపన వేదిక మీద ఉంటాడు, నోటీసు వచ్చిన ఇంటి ముందు ఉండడు. పార్టీలు మారినాయి, శిలాఫలకాలు మారినాయి, నోటీసు భాష మాత్రం మారలేదు.

ఇంక చేయాల్సింది. మాటలు చాలు, పని చెప్తాం.

ఈ ఏడాది మన మూడు తాలూకాల్లోంచి కనీసం ఐదుగురు లాసెట్ రాయాల. ఇంటర్ అయినోళ్ళకు ఐదేళ్ళ కోర్సు, డిగ్రీ అయినోళ్ళకు మూడేళ్ళది. ఐదుగురిలో ఇద్దరన్నా ఆడపిల్లలు ఉండాల, ఎందుకంటే నోటీసు వచ్చే వేళకు ఇంట్లో ఉండేది ఆడోళ్ళే. ఫీజు భయం ఉన్నోళ్ళు ఒకటి తెలుసుకోండి: 2024 జూలై 30న సుప్రీంకోర్టు తీర్పు ప్రకారం ఎస్సీ ఎస్టీ లా పట్టభద్రుల దగ్గర లాయరుగా నమోదుకు 125 రూపాయలకు మించి తీసుకోకూడదు. అంతకుముందు వేలకు వేలు గుంజేవాళ్ళు. 1987 న్యాయ సేవల చట్టం 12వ సెక్షను కింద ఎస్టీలకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంది. ఐదుగురూ చదువు అయ్యేలోపల కేసు వస్తే ఆ తలుపు తట్టండి.

లా చదవనోళ్ళకు కూడా పని ఉంది. ఒక్కొక్కరు మీ వాడలో డీకేటీ పట్టాలన్నీ ఫోనులో ఫోటో తీసి పెట్టండి. అడంగల్, 1బి తీయించి సరిపోల్చండి. 22ఏ జాబితాలో మన నంబర్లు ఉన్నాయేమో చూడండి. పట్టా తాత పేరు మీదనే ఉండి తాత పోయి ఇరవై ఏళ్ళయిందా? వారసుల పేరు ఎక్కించమని అర్జీ ఇచ్చి రసీదు తీసుకోండి. రసీదు లేని అర్జీ, అర్జీ కాదు. డిగ్రీ చదివేవాళ్ళు ఇద్దరు ముగ్గురు కలిసి దగ్గర్లో ఉన్న ఒక్క ప్రాజెక్టును పట్టుకోండి. దాని పర్యావరణ అనుమతి, షరతులు, ఆరు నెలల రిపోర్టులు తీసి, తెలుగులో రెండు పేజీలు రాయండి. తెలియని ముక్కలకు సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. రేపు మన లాయరు కోర్టుకు పోయే రోజున ఆ రెండు పేజీలే ఆయుధం.

ఉద్యోగాల్లో ఉన్న అన్నలకు, అక్కలకు ఒక విన్నపం. జయంతులకు, ఫ్లెక్సీలకు చందాలు ఇస్తున్నారు, ఇవ్వండి. ఈసారి ఒక ఫ్లెక్సీ తగ్గించి, ఒక లా విద్యార్థికి బేర్ యాక్టులు కొనివ్వండి. భూసేకరణ చట్టం, అటవీ హక్కుల చట్టం, విద్యుత్ చట్టం, హరిత ట్రిబ్యునల్ చట్టం, నాలుగూ కలిపినా ఒక ఫ్లెక్సీ ఖర్చు కాదు. ఫ్లెక్సీ పండగ అయిపోతే గుడిసె మీద పరదా అవుతుంది, చట్టం పుస్తకం ముప్పై ఏళ్ళు పనికొస్తుంది.

మనం తక్కువమందిమి. ఓట్లతో భయపెట్టలేము, డబ్బుతో కొనలేము, గుంపుగా రోడ్డు ఆపితే ఒక్క లాఠీకి చెదిరిపోతాం. కానీ కోర్టులో తలల లెక్క ఉండదు. కాగితానికి కాగితం, సెక్షనుకు సెక్షను. అక్కడ ఒక్కడు చాలు, చదివినోడైతే. వందకు ముగ్గురం కూడా లేని మనకు ఇంతకన్నా అచ్చొచ్చే చోటు ఇంకోటి లేదు.

లాసెట్ రాయాలనుకునేవాళ్ళు తమ పేరు, ఊరు కింద రాయండి. పాత ప్రశ్నపత్రాలు, ఫారం నింపే పని మేము చూసుకుంటాం.

జై సేవాలాల్! జై ఏకలవ్య! జై భీమ్!